గల్లీపథము: ఒక టైరు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము:

215/60 ఆర్ 16 95 హెచ్

అవతారిక. గ్రంథారంభంలో ఇష్టదేవతాస్తుతి చేయాలి గనుక లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి అమ్మవారికి దండం పెట్టుకున్నాను. తర్వాత పూర్వ వ్యాఖ్యాతలకు. వారిలో తొలి దండం కోలాచల మల్లినాథసూరికి. ఆయన ఊరు మనకేం దూరం కాదు, మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలు మూడింటికి ‘సంజీవని’ రాశాడు, మాఘుడికి ‘సర్వంకష’ రాశాడు, భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు మాత్రం ‘ఘంటాపథం’ అని పేరు పెట్టాడు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. దాని వెడల్పు పది ధనువులని పెద్దలు లెక్క చెప్పారు. ధనువంటే నాలుగు మూరలు. లాల్‌దర్వాజ వెనకాల మా ఇంటి ముందు గల్లీ ఒకటిన్నర ధనువు. మా కారు వెడల్పు 1.8 మీటర్లు, ఇంచుమించు ఒక ధనువు. మిగిలిన అర ధనువులో రెండు పక్కలా ఇళ్ల మెట్లు, పాల ప్యాకెట్ల ట్రే, ఎదురొచ్చే ఆటో, ఆటోకు కూడా దారివ్వని ఒక మేక సర్దుకోవాలి. కనుక నా వ్యాఖ్యకు ‘గల్లీపథం’ అని పేరు పెట్టుకోవడంలో గర్వమేమీ లేదు. కొలిచే పెట్టాను.

ఇక ప్రసక్తి. కారు కరెంటుది, 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ రకం. దానికి కంపెనీ బిగించి పంపే టైరు సైజే పై మూలం. 1400 కిలోల బరువు, కాలు పెట్టీపెట్టగానే ముందు చక్రాల మీద పడే 245 న్యూటన్ మీటర్ల తిప్పుబలం, వీటి మధ్య ఏ రబ్బరైనా అరుగుతుంది. మావీ అరిగాయి. పట్టా గాళ్ల మధ్య అడుగున చిన్న అడ్డుకట్టలుంటాయి, రబ్బరు 1.6 మిల్లీమీటర్లకు దిగితే అవి పైకి తేలతాయి. మావి తేలాయి.

ఆదివారం భోజనానికొచ్చిన మా బావమరిది వాటిని చూశాడు. “బావా, ఎట్లాగూ మారుస్తున్నవ్ గద, జర పెద్దయి ఏపియ్యి. 225 గాని, 235 గాని. బండికి ఒక లుక్ ఒస్తది” అన్నాడు.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాడి ముందు పాఠాంతరం ప్రతిపాదించి చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఈ వ్యాఖ్య అలా పుట్టింది.

మూలపాఠ నిర్ణయం. ఈ సూత్రం టైరు గోడ మీద ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. నలుపు మీద నలుపు. చదవాలంటే సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దాలి, అప్పుడు అంకెలు తెల్లగా పైకి తేలతాయి. శాసనాలు చదివేవాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే. దీనికి రెండో ప్రతి డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన స్టిక్కరులో ఉంది, ఎంత గాలి పట్టాలో కూడా అందులోనే ఉంది. రెండు ప్రతుల మధ్య తేడా వస్తే స్టిక్కరు పాఠమే గ్రాహ్యం. టైరు మారుతుంది గానీ తలుపు మారదు.

ఛందస్సు. పైకి చదివి చూశాను. యతి లేదు, ప్రాస లేదు. గద్యం.

ప్రతిపదార్థం.

215 = రెండు వందల పదిహేను మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఎక్కడి వెడల్పు? నేలను తాకే పట్టా వెడల్పని లోకులు అనుకుంటారు. కాదు. తగిన రిమ్ముకు ఎక్కించి, గాలి పట్టి, ఈ గోడ పొట్ట నుంచి ఆ గోడ పొట్ట దాకా కొలిచిన కొలత అది. నడుము చుట్టుకొలత చూసి చెప్పుల సైజు చెప్పకూడదు గదా.

60 = అరవై శాతం. ఎందులో? పక్కనున్న 215లో. అంటే గోడ ఎత్తు 129 మిల్లీమీటర్లు. ఈ పదానికి స్వతంత్రార్థం లేదు, ఎప్పుడూ ముందు పదాన్ని పట్టుకునే నడుస్తుంది. ముందు పదాన్ని కదిపితే ఇదీ కదులుతుంది. మా బావమరిదికి అందని సూక్ష్మం ఇదే, కిందికి రాగానే విప్పుతాను.

ఆర్ = రేడియల్. ఇక్కడ వ్యాఖ్యాతల్లో పెద్ద వివాదం ఉంది. తరువాత వచ్చేది పదహారంగుళాల రిమ్ము గనుక ‘ఆర్’ అంటే రిమ్మేనని అఫ్జల్‌గంజ్ నుంచి ఫలక్‌నుమా దాకా దుకాణాల సంప్రదాయం. అన్వయం చక్కగా కుదురుతుంది, అర్థమే తప్పు. టైరు లోపలి దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నిట్టనిలువుగా, బండిచక్రం ఆకుల్లాగా పరిచి ఉంటాయని ఆ అక్షరం చెబుతుంది. ఫ్రాన్సులో మిషెలిన్ వారు 1946లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. అంతకు ముందు దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి అల్లేవారు. రిమ్మే ‘ఆర్’ అయితే బండి నడవదా? నడుస్తుంది. అందుకే ఇంతకాలం ఎవరూ దిద్దలేదు.

16 = పదహారు అంగుళాలు, రిమ్ము అడ్డకొలత. గమనించాలి, వెడల్పు మిల్లీమీటర్లలో, ఎత్తు శాతంలో, రిమ్ము అంగుళాల్లో. ఒక్క సూత్రంలో మూడు మానాలు. దీన్ని దోషమని కొందరంటారు. మణిప్రవాళమని నేనంటాను. మా గల్లీలో ‘అవ్వా, జర సైడు’ అంటే మూడు భాషలు. మేక తప్ప అందరూ తప్పుకుంటారు.

95 = భారసూచి. తొంభై ఐదు కిలోలు కాదు. పట్టికలో 95 అనే గడి ఎదుట 690 కిలోలని ఉంటుంది. ఒక్కో టైరు మోయగల బరువు అది. అమరంలో ఒక మాట పట్టుకుని పర్యాయపదాలకు పోయినట్టు, ఈ అంకె పట్టుకుని పట్టికకు పోవాలి. కరెంటు కారుకు ఈ సూత్రంలో అన్నిటికంటే బరువైన మాట ఇదే. బ్యాటరీ మోసేది టైరే. లుక్ కోసం వెడల్పు పెంచి, ఆ సందట్లో 95 కంటే తక్కువది తగిలించుకున్నవాళ్లున్నారు. మిగతావన్నీ మరిచినా దీన్ని మరవకూడదు.

హెచ్ = గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకోగలది. ఇక్కడ వర్ణక్రమభంగం ఉంది. ఎస్ అంటే 180, టి అంటే 190, యు అంటే 200, ఆ పైన వి అని 240కి పోవాలి గానీ, మధ్యలో ఎక్కడి నుంచో హెచ్ వచ్చి 210 దగ్గర కూర్చుంది. పెళ్లి పంక్తిలో ఆలస్యంగా వచ్చిన పెద్దాయనకు మధ్యలో ఆకు వేసినట్టు. గుల్జార్ హౌజ్ దగ్గర సాయంత్రం పూట నా వేగం పన్నెండు. మిగిలిన నూటతొంభై ఎనిమిదిని వ్యంగ్యార్థంగా స్వీకరించాలి.

పాఠాంతరములు. బావమరిది ప్రతిపాదించిన పాఠాలను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

మొదటిది 225/60 ఆర్ 16. పది మిల్లీమీటర్లే గదా అనిపిస్తుంది. కానీ 60 అనేది ముందు పదాన్ని పట్టుకుని నడిచేదని చెప్పుకున్నాం. 225లో అరవై శాతం 135. గోడ ఆరు మిల్లీమీటర్లు పెరిగింది, కిందా పైనా కలిపి చక్రం పన్నెండు పెరిగింది. 664 మిల్లీమీటర్ల చక్రం 676 అయింది. నూటికి 1.8 వంతు. కారు ఆరు మిల్లీమీటర్లు లేస్తుంది. చక్రం పెద్దదై తక్కువ తిరుగుళ్లు తిరుగుతుంది గనుక వంద కిలోమీటర్లు పోతే మీటరు తొంభై ఎనిమిదే రాసుకుంటుంది. ఛార్జింగు తగ్గిందని గోల పెట్టేవాళ్ల గోలలో కొంత ఈ లెక్క తప్పడమే.

ఈ పాఠానికి గుణం లేకపోలేదు. సాధారణంగా దీని భారసూచి 98, అంటే 750 కిలోలు. ఆ ఆరు మిల్లీమీటర్ల ఎత్తు నన్నూ ఊరించింది. మా మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, ఎవరు వేశారో, ఏ పర్వతాన్ని తలుచుకుని వేశారో తెలియదు.

రెండోది 225/55 ఆర్ 16. ఇందులో గోడ 124కు దిగుతుంది, చక్రం పది మిల్లీమీటర్లు చిన్నదవుతుంది, కారు అయిదు కిందికి. ఆ స్పీడ్ బ్రేకర్‌ను తలుచుకుని దీన్ని వెంటనే కొట్టేశాను.

మూడోది 235/55 ఆర్ 16. ఇది మోసకారి పాఠం. 235లో యాభై ఐదు శాతం 129.25. మన మూలంలోని గోడ 129. చక్రం అడ్డకొలత ఇక్కడా 664, అక్కడా 664 చిల్లర. మీటరు అబద్ధమాడదు, కారు లేవదు, దిగదు. వెడల్పు మాత్రం ఇరవై మిల్లీమీటర్లు. ఇది లెక్క కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బావమరిదికి ఇది తెలిసే చెప్పాడా, నోటికొచ్చిన అంకె చెప్పాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. అడిగితే తెలిసే చెప్పానంటాడు గనుక అడగలేదు.

పూర్వపక్షము. వెడల్పు టైరంటే నేలను ఎక్కువ పట్టుకుంటుంది, కనుక మంచిదే గదా?

సమాధానము. నేల మీద ఆనే జాగాను వెడల్పు నిర్ణయించదు, గాలి నిర్ణయిస్తుంది. 1400 కిలోలను నాలుగు చక్రాలు పంచుకుంటే తలా 350. చదరపు అంగుళానికి 33 పౌండ్ల గాలి ఉందనుకుంటే, గోడ బిరుసు మోసే కాస్తా పక్కన పెట్టి, ఒక్కో టైరు నేలను తాకేది దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు. నమ్మకం కుదరక తెల్లకాగితం మీద నా కుడిచేయి పెట్టి చుట్టూ గీసుకున్నాను. వేళ్లతో సహా అంతే. ఇంట్లో నలుగురం, కూరగాయల సంచి, బ్యాటరీ, అన్నీ కలిసి నాలుగు చేతుల మీద పోతున్నామన్నమాట. అదే గాలితో వెడల్పు టైరు వేస్తే అయిదో చెయ్యి రాదు. నిలువుగా ఉన్న చేయి కాస్త అడ్డం తిరుగుతుంది, అంతే. మలుపులో అడ్డం చేయికి కొంత బలం ఉంది, ఒప్పుకుంటాను. వానలో మాత్రం నీళ్లను చీల్చుకు పోయేది నిలువు చేయి. అడ్డం చేయి నీళ్లను నెట్టుకుపోవాలి, వేగం పెరిగితే వాటి మీదికే ఎక్కి తేలుతుంది. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక ఆ తేడా అనుభవంలోకి వస్తుంది. మా గల్లీలో ఆ బెడద లేదు. 2020 అక్టోబరు వానల్లాంటివి వస్తే ఇక్కడ తేలడానికి టైరు సైజుతో పని లేదు.

ఛార్జింగు సంగతి. పెట్రోలు బండి తాగిన దాంట్లో సగానికి పైగా వేడిగా ఊదేస్తుంది. ఆ దుబారా ఇంట్లో టైరు చేసే ఖర్చు ఎవరికీ కనబడదు. కరెంటు మోటారు పొదుపరి. ఇద్దరే ఉన్న సంసారంలో ఒకరి చేతి ఖర్చు ఇట్టే తెలిసిపోయినట్టు, దొర్లడానికి టైరు మింగే కరెంటు తెర మీద అంకెగా కనబడుతుంది. 30.2 యూనిట్ల బ్యాటరీ, పరీక్షశాలలో వచ్చిన దూరం 312 కిలోమీటర్లు. టైరు వెడల్పై, బరువెక్కి, గాలికి ఎదురొడ్డితే అందులోంచే కోత పడుతుంది. అయితే అంతా వెడల్పు మీదికే నెట్టడం కూడా అన్యాయం. సైజు ఒకటే అయినా రబ్బరు పాకం వేరైతే దొర్లుడు వేరు. 2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ దొర్లుడు నిరోధానికి, తడినేల మీద పట్టుకు, చప్పుడుకు ప్రమాణాలు నోటిఫై చేసింది ఇందుకే. పాకం చూడకుండా అంకె చూసి కొనడం శైలి వదిలేసి పేజీలు లెక్కపెట్టి కావ్యం కొన్నట్టు.

చప్పుడంటే గుర్తొచ్చింది. ఇంజను మోత లేని బండిలో టైరు రొద బాగా వినబడుతుందంటారు. మదీనా చౌరస్తాలో ఎవరికైనా వినబడితే చెప్పండి.

దృష్టాంతములు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, నిజాముల సింహాసనపు కారు. బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లి దాని చక్రాలు చూపించాను. సన్నగా, ఎత్తుగా, సైకిలుకు పెద్దన్నలా ఉన్నాయి. “లుక్ తక్కువైందా?” అని అడిగాను. “అది నవాబుల బండి బావా, ఏదేసినా లుక్కే” అన్నాడు. సరేనని రెండో దృష్టాంతం వదిలాను. జర్మనీలో బీఎండబ్ల్యూ వారు 2013లో తెచ్చిన ఐ3 కరెంటు కారుకు 155/70 ఆర్ 19 టైర్లు. పొడవాటి మనిషికి సన్నపాటి కాళ్లు. గాలిని కోయాలి, తేలిగ్గా దొర్లాలి, కనుక కావాలనే సన్నం చేశారు. దీనికి అతను జవాబు చెప్పలేదు, ఫోనులో బొమ్మ వెతికి చూసి, “బాగ లేదు” అన్నాడు. రసం విషయంలో వాదం నడవదు.

సిద్ధాంతము. ఇన్ని శాస్త్రాలు తిరగేసినా తీర్పు వచ్చింది షాలిబండ దాటాక ఉన్న ఒక టైర్ల దుకాణంలో. ఉస్తాద్‌కు అరవై ఏళ్లుంటాయి. నా కాగితాలు, చేయి గీసిన కాగితంతో సహా, ఓపిగ్గా చూశాడు.

“పంతులు సాబ్, లెక్క సహీ ఉంది. ఇగ బండి లెక్క చూద్దాం” అని నన్ను లోపల కూర్చోబెట్టి స్టీరింగు చివరిదాకా కోయించాడు. ముందు చక్రం వాలుగా తిరిగి ఆగింది. అతను కింద కూర్చుని, టైరు భుజానికీ లోపలి ప్లాస్టిక్కుకూ మధ్య చూపుడువేలూ మధ్యవేలూ జతచేసి దూర్చాడు. తర్వాత స్ప్రింగు వైపు దూర్చాడు. మసి అంటిన ఆ రెండు వేళ్లు పైకెత్తి నాకు చూపించాడు.

“ఈ రెండు వేళ్ల జాగ ఉండాలె. చౌడా టైరు ఏస్తే ఒక వేలు పోతది. రోడ్డు మీద సీదా పొయ్యెటోనికి ఏం కాదు. మీరేడుంటరు?”

మా గల్లీ పేరు చెప్పాను. నవ్వాడు.

“ఆడ రోజుకు ఎన్నిసార్లు ఫుల్ కోస్తరు సాబ్? నక్కో.”

టీక: చౌడా = వెడల్పు. నక్కో = వద్దు. మహారాష్ట్రం నుంచి దక్కనీలోకి వచ్చిన మాట, తెలుగులో మూడు వాక్యాలు పట్టేదాన్ని రెండక్షరాల్లో చెబుతుంది. తాత్పర్యం: రాజమార్గాల్లో బండికి పూర్తి మలుపు ఏడాదికోసారి పార్కింగులో అవసరం. గల్లీపథంలో ఇంటి నుంచి పాలకేంద్రానికి పోయేలోగా నాలుగుసార్లు. అరిగేది అక్కడ. పైగా వెడల్పైన టైరు రిమ్ము దాటి బయటికి ఉబ్బుతుంది, మా వాడకట్టులో ఇళ్ల మెట్లన్నీ పదునైన బండలు. పట్టాలో మేకు దిగితే పురి పెట్టి అతికిస్తారు గానీ గోడ కోసుకుపోతే అతుకు లేదు, కొత్తది కొనాల్సిందే. రెండు వేళ్లతో ఇంత చెప్పిన వ్యాఖ్యానం నేను వేరే చదవలేదు.

“మరి ఏం వేయమంటావు ఉస్తాద్?”

“రాసి ఉన్నదే. నెలకొకపారి గాలి చూపియ్యుండ్రి. సబ్ లోగ్ టైరుకు పైసలు పెడ్తరు, గాలికి టైమియ్యరు.”

మూలపాఠమే స్థిరపడింది. 215/60 ఆర్ 16, 95 హెచ్, తేలిగ్గా దొర్లే పాకం. రోడ్డు పన్ను కట్టినంతలో అయింది అందామంటే, 2024 నవంబరు 18 నుంచి తెలంగాణలో కరెంటు బండి కొత్తగా కొన్నవాడికి రోడ్డు పన్నే లేదు. పన్ను లేదు గనుక రోడ్డూ అడగొద్దని మా ఇంటావిడ వ్యాఖ్య. అది వేరే గ్రంథం.

కాలనిర్ణయము. ఏ గ్రంథానికైనా రచనాకాలం తేల్చకుండా వ్యాఖ్య ముగియదు. మన కవులు తమ తేదీ చెప్పకుండా పోయి పండితులను మూడు తరాలు కొట్టుకునేలా చేశారు. టైరు కవి అలా చేయలేదు. గోడ మీద గుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. 3823 అని ఉంటే 2023వ సంవత్సరం ముప్పై ఎనిమిదో వారంలో పుట్టిందని. కొనేటప్పుడు అది చూడాలి, దుకాణంలో ఏళ్ల తరబడి పడుకున్న రబ్బరు వాడకుండానే బిరుసెక్కుతుంది. నేను మూడు టైర్లకు చూశాను. నాలుగోది చూసేలోగా ఉస్తాద్ కుర్రాడు దాన్ని రిమ్ముకెక్కించి, బ్యాలెన్సింగు చేసి, బిగించేశాడు.

ఇంటికొచ్చాక గ్రంథాంత గద్య రాయబోతే ఆ నాలుగో తేదీ లేదని గుర్తొచ్చింది. వెనక ఎడమ చక్రం. ఈ నాలుగంకెలు తరచుగా ఒక గోడ మీదే ఉంటాయి, ఆ గోడ లోపలి వైపుకు పోయింది. చేతిలో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, లుంగీ ఎగగట్టి, గల్లీలో వెల్లకిలా పడుకుని కారు కిందికి సగం దూరాను.

పక్కింటి అవ్వ గడపలో చిక్కుడుకాయలు గిల్లుతోంది. “ఏం పడిపోయింది బిడ్డా?” అంది.

“తారీఖు, అవ్వా.”

“దొరికిందా?”

దొరకలేదు. అంకెలు చక్రం పైభాగాన ఎక్కడో ఉన్నాయి, బండి ఒక మీటరు ముందుకు జరిపితే సగం చుట్టు తిరిగి కిందికొస్తాయి. లేచి దుమ్ము దులుపుకుని చూద్దును గదా, వెనక ఆటో హారను కొడుతోంది, ముందు చక్రం పక్కన నీడ చూసుకుని మేక పడుకుంది.

ఇది శ్రీ సింహవాహినీ కటాక్షలబ్ధ వాగ్విలాసుండును, లాల్‌దర్వాజ పృష్ఠభాగ నివాసియు, పంచదశోత్తర ద్విశత చక్ర చతుష్టయ విరాజమానుండును అగు వ్యాఖ్యాతచేత రచింపబడిన గల్లీపథంబున ఏకైక ఆశ్వాసము. నాలుగవ టైరు జన్మదినము: